కోళ్ల నీటి తొట్టెలో జిగురు పొర: ల్యాబులో ఎలా కొలుస్తారు, షెడ్డులో ఏం చేయాలి

ఉదయం నీళ్లు మార్చే ముందు తొట్టె లోపలి గోడను వేలితో రుద్ది చూడండి. జిగటగా తగిలితే మామూలు పాచే అని వదిలేయకండి. కోడి పేగుల్లో ఉండే ఇ. కోలై, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా రెట్టతో పాటు నీటిలో చేరి, గోడకు అతుక్కుని, చుట్టూ జిగురు కట్టుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. బ్లీచింగ్ వేసినా, మందులు వాడినా పిల్లల్లో విరేచనాలు తిరిగి వస్తుంటే ఈ పొరను కూడా అనుమానించాలి.

ఏ బ్యాక్టీరియా ఎంత పొర కడుతుందో ల్యాబులో కొలవవచ్చు. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో పోషక ద్రవం పోసి బ్యాక్టీరియాను కలుపుతారు. పోల్చుకోవడానికి కొన్ని గుంటల్లో ఉత్త ద్రవమే ఉంచుతారు. సాధారణంగా 37 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచి, ద్రవం పారబోసి కడుగుతారు. తేలేవి పోతాయి, అతుక్కున్నవి మిగులుతాయి. వాటికి క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు పట్టిస్తారు. పుండ్లకు రాసే జెన్షన్ వయొలెట్ ఈ రకమే. మళ్లీ కడిగి, అంటుకున్న రంగును ఆల్కహాల్‌లో కరిగించి, ఎంత చిక్కగా ఉందో యంత్రంతో చూస్తారు. రంగు చిక్కగా ఉంటే పొర దట్టంగా ఉన్నట్టు.

ఈ రంగు బతికిన బ్యాక్టీరియాకే కాదు, చచ్చినవాటికీ జిగురుకూ కూడా అంటుతుంది. అంటే మందుతో సూక్ష్మజీవులు చచ్చినా పొర అలాగే ఉండవచ్చు. కొత్తగా వచ్చినవి దాని మీదే స్థిరపడతాయి. పైగా బ్లీచింగ్‌లోని క్లోరిన్ చాలావరకు ఆ జిగురు మీదే ఖర్చైపోయి అడుగుకు చేరదు.

కాబట్టి ముందు రుద్దాలి, తర్వాతే బ్లీచింగ్. తొట్టెను రోజూ బ్రష్‌తో, సబ్బు నీళ్లతో తోమి కడగండి. బ్లీచింగ్ నీళ్లు పట్టించినప్పుడు మళ్లీ బాగా కడిగి ఎండలో ఆరనివ్వండి. రెండు జతల తొట్టెలుంటే ఈ పని సులువు. నిపుల్ పైపుల్లోకి బ్రష్ పోదు కనుక బ్యాచ్ వెళ్లాక, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పైపులు కడిగే మందును డబ్బా మీద రాసిన మోతాదులో నింపి, తర్వాత ధారగా నీళ్లు వదలండి. బెల్లం నీళ్లు, విటమిన్లు ఇచ్చిన రోజు మిగిలిన నీటిని పైపుల్లో ఉంచవద్దు, అది ఈ పొరకు మేత. బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. నీటిలో టీకా ఇచ్చే రోజు క్లోరిన్ వాడకూడదు.

అప్పటికీ విరేచనాలు తగ్గకపోతే సొంతంగా యాంటీబయాటిక్ మార్చకుండా పశువైద్యుడిని అడిగి పరీక్ష చేయించండి. ఏ మందు పనిచేస్తుందో చెప్పే మామూలు పరీక్షలో జిగురు చాటున దాగిన బ్యాక్టీరియా సంగతి తేలదు. రిపోర్టులో మంచిదని వచ్చిన మందు వాడుతున్నా తొట్టె తోమడం మానకండి.