గృహనిర్మాణం: మట్టిమిద్దె నుండి మాడ్యులర్ ఇంటి వరకు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని తెలుగువారి సామెత. ఈ రెండు కార్యాలలోనూ ఖర్చు అంచనాను దాటుతుంది. జరిగిన పొరపాటును దిద్దుకోవడం కష్టమవుతుంది. అందువల్ల ఇల్లు ఏ పద్ధతిలో కట్టుకోవాలన్నది ప్రతి కుటుంబమూ ముందుగా ఆలోచించవలసిన విషయం. 2022లో అనంతపురం జిల్లా నుండి వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు ఈ ఆలోచనకు చక్కని ఆధారాలు. మట్టి, రాయి, కాంక్రీటు అనే మూడు విధాల కట్టడాలూ ఇక్కడ కనిపిస్తాయి. వాటి సరసన నేడు కర్మాగారంలో తయారయ్యే మాడ్యులర్ గృహాన్ని కూడా నిలిపి చూడవచ్చు.

వీటిలో మట్టిమిద్దె ప్రాచీనమైనది. మందమైన గోడలపై దూలాలు, వాటిపై దంతెలు పరచి, కట్టెపుల్లలు పేర్చి, తడిమట్టి మెత్తి, పైన చవుడు పోసేవారు. వాన కురిసినప్పుడు చవుడు బిగిసి, నీటిని లోపలికి దిగనీయదు. వర్షపాతం తక్కువగా ఉండే ఈ సీమకు తగిన ఉపాయమది. మందపు గోడ పగటి వేడిమిని వెంటనే లోనికి రానీయదు. అయితే మిద్దెపై ఎప్పటికప్పుడు కొత్త చవుడు పోయాలి. చెదలు పట్టకుండా కొయ్యను కాపాడుకోవాలి. ఆ శ్రద్ధ తప్పితే మిద్దె కూలుతుంది.

రాతి నిర్మాణానికి ఈ ప్రాంతం పుట్టినిల్లు వంటిది. హిందూపురానికి చేరువలోని లేపాక్షి ఆలయంలో పదహారవ శతాబ్దపు శిల్పులు స్తంభాలను, దూలాలను, కప్పుబండలను వేరువేరుగా మలచి ఒకదానిపై ఒకటి నిలిపారు. పెనుకొండ గగన్ మహల్ విజయనగర రాజుల నాటి కట్టడం. సామాన్యులు సైతం గోడలకు రాళ్ళనూ, కప్పుకు బండలనూ వాడుకున్నారు. రాయి తరతరాలు నిలుస్తుంది. కాని దానిని చెక్కే పనివారు తగ్గిపోయారు. వేసవిలో బండలు పీల్చుకున్న వేడి రాత్రివేళ ఇంట్లోకి దిగుతుంది.

నేడు ఎక్కువగా కనిపించేది ఇటుక, సిమెంటు, ఇనుము కలిసిన కాంక్రీటు ఇల్లు. దీనిలోని సౌలభ్యం అంచెలంచెలుగా కట్టుకోగలగడం. చేతిలో డబ్బు ఉన్నంతవరకు కట్టి, రేపు మేడ వేయాలన్న ఆశతో స్తంభాల చివర ఇనుపకమ్మీలను అలాగే వదిలివేస్తారు. లోపం మరొకచోట ఉంది. కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజులకు లెక్కగడతారు. మొదటి రోజులలో దానిని తడిగా ఉంచకపోతే ఆ బలం రాదు. నీటి ఎద్దడి గల నేలపై ఈ తడపడంలోనే ఉపేక్ష జరుగుతుంది.

ఇక మాడ్యులర్ గృహం. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారంలో విడిభాగాలు కలిసి కారుగా రూపొందుతాయి. ఇంటిని కూడా అదే విధంగా తయారుచేయడం దీని సూత్రం. ఉక్కు చట్రంతోగాని, కాంక్రీటుతోగాని గదిని పెట్టెవలె తయారుచేసి, కిటికీలు, విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు అక్కడే అమర్చి, లారీపై తెచ్చి, క్రేనుతో పునాదిపై నిలుపుతారు. ఈ ఆలోచన మనదేశానికి కొత్తది కాదు. దేశవిభజన వల్ల నిరాశ్రయులైన వారి కోసం 1948లోనే ఢిల్లీలో ప్రభుత్వం గృహనిర్మాణ కర్మాగారాన్ని స్థాపించింది. 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగిన రాంచీ పథకంలో 1,008 ఇళ్ళకు కాంక్రీటు గదిపెట్టెల పద్ధతిని ఎంచుకున్నారు.

ఈ పద్ధతిలో కాలం కలిసివస్తుంది. ఇక్కడ పునాది పడుతుండగానే అక్కడ గదులు సిద్ధమవుతాయి. వాన వచ్చినా పని ఆగదు, కొలతలు తప్పవు, సామగ్రి వృథా తగ్గుతుంది. కాని పరిమితులూ ఉన్నాయి. మనదేశంలో వాహనాల వెడల్పు సాధారణంగా 2.6 మీటర్లు మించరాదు. అంతకన్నా వెడల్పైన గదిని తరలించాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. జాతీయ రహదారిపై వచ్చిన లారీ ఇరుకు సందులోకి మలగలేదు. క్రేను నిలవడానికీ చోటు కావాలి. ఉక్కు గోడలలో వేడిని ఆపే పొర లేకపోతే ఎండకాలం భరించడం కష్టం. మరమ్మతు వస్తే ఊరి బేల్దారికి ఆ పని తెలియకపోవచ్చు. ఒకటి రెండు ఇళ్ళకు రవాణా భారమవుతుంది. వందల ఇళ్ళు ఒకేచోట కడితే ఆ భారం పంచుకోబడుతుంది.

అన్నిటికంటె గట్టి పరీక్ష ధర్మవరం నేతగాని ఇంట్లో ఎదురవుతుంది. అతనికి ఇల్లే కార్ఖానా. గుంత మగ్గానికి నేలలో గుంత కావాలి; పైన జకార్డు పెట్టె అమరడానికి తగిన ఎత్తు కావాలి. రంగుల పోగులను గుర్తించడానికి వెలుతురు కావాలి. గుంతలోకి వాననీరు ఊరితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే పొయ్యి ఆరుతుంది. కర్మాగారంలో సమతలంగా పోసిన నేలతో, అందరికీ ఒకే ఎత్తుతో వచ్చే గది ఎంత నాణ్యమైనదైనా, అతనికి ఆశ్రయమిచ్చి అన్నం తీసివేసినట్లవుతుంది. అదే గదిని మగ్గం కొలతలు ముందుగా తీసుకొని, గుంతను నీరు చేరని విధంగా పునాదిలోనే కట్టి, దానిపై నిలిపితే, పాత ఇంటిలో తీరని కష్టం కూడా తీరుతుంది.

కాబట్టి ఏ పద్ధతినీ గుడ్డిగా మెచ్చుకోనక్కరలేదు, తోసిపుచ్చనూ అక్కరలేదు. మట్టిమిద్దె కట్టినవాడు తన వానను, తన ఎండను ఎరిగి కట్టాడు. కర్మాగారానికి యంత్రబలమూ, వేగమూ ఉన్నాయి. ఆ ఎరుకను అది నివసించే వారి నుండి అడిగి తెలుసుకోవాలి. ఇంటి కొలతలు గీయవలసింది మనిషి బ్రతుకును చూసి. ఇంటికి సరిపోయేటట్లు బ్రతుకును కుదించడం గృహనిర్మాణం అనిపించుకోదు.