మీకు తెలుసా? ఇటాలియన్‌లోనూ ఓ ‘నుంచి’ ఉంది!

సికింద్రాబాద్‌కు దగ్గర్లో, తార్నాకలోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ కూడా నేర్పుతారు. ఆ భాషలో ‘దా’ అనే చిన్న మాట తెలుగువాళ్లకు పాత చుట్టంలా అనిపిస్తుంది. అది అచ్చం మన ‘నుంచి’. కాకపోతే పేరుకు ముందు వస్తుంది.

‘పార్తో దా సికింద్రాబాద్’ అంటే సికింద్రాబాద్ నుంచి బయల్దేరుతున్నాను. ‘అబీతో ఆ సికింద్రాబాద్ దా దియేచి అన్ని’ అంటే పదేళ్ల నుంచి సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. (ఈ ‘అన్ని’ మన అన్ని కాదు, ఏళ్లు!) చోటుకైనా కాలానికైనా ఒకటే మాట, క్రియ కూడా రెండు భాషల్లోనూ వర్తమానంలోనే. ఇదే ఇంగ్లిష్‌లో అయితే ‘హావ్ బీన్ లివింగ్’ అంటూ సాగదీయాలి, పైగా ఫ్రమ్, సిన్స్, ఫర్‌ల గొడవొకటి.

చిక్కంతా డాక్టర్ దగ్గరే.

‘వాదో దల్ మేదికో’ వినగానే డాక్టర్ నుంచి వస్తున్నారేమో అనుకుంటాం. నిజానికి డాక్టర్ దగ్గరికే వెళ్తున్నారు! ‘దా’కు ‘ఇల్’ తోడై ‘దల్’ అయింది. మనిషి దగ్గరికి వెళ్తే ‘దా’, ఊరికి వెళ్తే ‘ఆ’, దేశానికైతే ‘ఇన్’: ‘వాదో ఆ రోమా’, ‘వాదో ఇన్ ఇటాలియా’.