కదిలే ముఖం కనిపిస్తే చాలు.. నమ్మేస్తాం!

వీడియో కాల్ మధ్యలో నెట్ స్లో అయితే అవతలి మనిషి ముఖం ఫ్రీజ్ అయిపోతుంది. నోరు సగం తెరిచి, కళ్లు సగం మూసి.. చూస్తే నవ్వొస్తుంది. మనిషి ఎవరో తెలుస్తూనే ఉంటుంది. కానీ నవ్వబోతున్నారా, విసుక్కోబోతున్నారా అంటే చెప్పడం కష్టం. ఎందుకంటే మెదడులో ఈ రెండు పనులూ ప్రధానంగా జరిగే చోట్లు వేర్వేరు.

'ఈ ముఖం ఎవరిది?' అన్నది చూసేది ముఖ్యంగా మెదడు అడుగు భాగంలోని ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా. 1997లో నాన్సీ కాన్విషర్ బృందం దానికి ఆ పేరు పెట్టింది. 'ఈ ముఖం ఏం చేస్తోంది?' అన్నది చూసే చోటు ఇంకొకటి. చెవి పైన, కణత వైపు ఉండే ఎస్‌టీఎస్ అనే గాడి అది. చూపు ఎటు తిరిగింది, పెదవి ఎలా కదిలింది, కనుబొమ ఎందుకు లేచింది.. ఈ లెక్కలు దానివి. ఫొటో కంటే వీడియో చూపిస్తే అది చాలా ఎక్కువగా స్పందిస్తుందని స్కానింగుల్లో తేలింది.

ఈ కదలిక చెవిని కూడా మోసం చేయగలదు! 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక ప్రయోగం గురించి రాశారు. 'గ' అంటున్న నోటి దృశ్యానికి 'బ' శబ్దం జోడిస్తే, చాలామందికి 'డ' అని వినిపించింది. కళ్లు మూసుకుంటే మళ్లీ 'బ'నే. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే కదా. కలవకపోతే మెదడు చెవి మాట పూర్తిగా నమ్మదు. డబ్బింగ్ సినిమాల్లో తేడా కొట్టేదీ ఇలాంటి చోటే.

సరే, దీంతో మనకేంటి అంటారా? 2024 మొదట్లో హాంకాంగ్ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. డబ్బు పంపమని మెసేజ్ వస్తే ఒక కంపెనీ ఉద్యోగికి మొదట అనుమానమొచ్చింది. తర్వాత వీడియో కాల్‌లో పై అధికారి, తోటి ఉద్యోగులు కనిపించి మాట్లాడేసరికి ఆ అనుమానం పోయింది. సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు వెళ్లిపోయాయి. కాల్‌లో మిగతా ముఖాలన్నీ డీప్‌ఫేక్‌లే!

ముఖం కదిలి మాట్లాడితే మనిషి ఎదురుగా ఉన్నట్టే మెదడుకి. కోడ్‌లో బగ్ ఉంటే మా ఇంజినీర్లం ప్యాచ్ రాస్తాం, దీనికి ప్యాచ్ లేదు. అందుకే అలవాటు మార్చుకోవాలి. కాల్‌లో డబ్బు, ఓటీపీ మాట వస్తే వెంటనే కట్ చేయండి. మీ ఫోన్‌లో ముందే సేవ్ చేసుకున్న నంబర్‌కి మీరే కాల్ చేయండి. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన ఒక గుర్తు మాట ఈ రోజే అనుకోండి. ముఖాన్ని కాపీ కొట్టొచ్చు గానీ, మీరు ఎక్కడా రాయని మాటని కొట్టలేరు.