46 గుర్తుల్లో ‘అ’

ఈ భాషలో మొత్తం ఎనిమిది గుర్తులే. అక్షరాలు లేవు, అంకెలు లేవు, ‘ఇఫ్’ లేదు, ‘ఫర్’ లేదు. పేరేమో ‘బ్రెయిన్’ అని మర్యాదగానే మొదలై, మన ఫ్యాకల్టీ ఎడిటర్ గారు ససేమిరా ఒప్పుకోని మాటతో ముగుస్తుంది. అందుకని చాలామంది బీఎఫ్ అని పొట్టిగా రాస్తారు. హాస్టల్లో ఆ మాటకి వేరే అర్థం ఉందని నాకూ తెలుసు. ఈ వ్యాసం వరకు మాత్రం ఇదే.

1993లో స్విట్జర్లాండ్‌కి చెందిన ఉర్బన్ మ్యూలర్ దీన్ని అమిగా కంప్యూటర్ కోసం తయారుచేశాడు. అప్పటికే ‘ఫాల్స్’ అనే భాషకి 1024 బైట్ల కంపైలర్ ఉంది. దానికంటే చిన్నది రాయాలన్నది ఇతని పంతం. చివరికి 240 బైట్లకి దించాడు. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో సంకేతానికి 3 బైట్లు కాబట్టి, 240 బైట్లంటే 80 సంకేతాలు. మనమైతే ఒక వాక్యం రాసేసరికి అయిపోతాయి. అంత చోటులో ఆయన ఒక కంపైలర్ పెట్టాడు.

ఆ పంతం ఇప్పటికీ ఆటగా సాగుతోంది. ఒకే పనిని ఎవరు తక్కువ గుర్తుల్లో చేస్తే వాళ్లు గెలిచినట్టు. కోడ్ గోల్ఫ్ అంటారు. అవధానంలో నిషిద్ధాక్షరి చూసినవాళ్లకి దీని రుచి వేరే చెప్పక్కర్లేదు.

మా బ్యాచ్‌మేట్ ఒకడు “అందులో తెలుగెక్కడ వస్తుందిరా, అది ఇంగ్లీషు అక్షరాలకే” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. అది నిజమో కాదో తేలాలంటే ముందు భాష ఎలా నడుస్తుందో చూడాలి.

వామనగుంటల పలక గుర్తు తెచ్చుకోండి. పద్నాలుగు గుంటలకి బదులు ఒకే వరసలో 30,000 గుంటలు. మొదట అన్నీ ఖాళీ. మీ చెయ్యి ఎడమ చివరి గుంట మీద ఉంది. + అంటే ఆ గుంటలో ఒక చింతగింజ వెయ్యి, - అంటే ఒకటి తియ్యి. > అంటే కుడి గుంటకి జరుగు, < అంటే ఎడమకి. చుక్క పెడితే గుంటలో ఎన్ని గింజలుంటే ఆ నంబరు బైటు బయటికి పోతుంది. కామా పెడితే ఒక బైటు లోపలికి వస్తుంది. ఇక [ ] జత: గుంట ఖాళీ అయ్యేదాకా మధ్యలో ఉన్నది మళ్లీ మళ్లీ చెయ్యి. మొదటే ఖాళీగా ఉంటే అసలు లోపలికే వెళ్లకు. భాష మొత్తం ఇంతే.

ఇంగ్లీషు ‘ఎ’ పెద్దక్షరం నంబరు 65. అరవై అయిదు ప్లస్సులు, ఒక చుక్క వేస్తే 66 గుర్తుల్లో పని అయిపోతుంది, కానీ అది కూలిపని. కొంచెం ఆలోచిస్తే ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, ప్లస్ ఒకటి:

++++++++[>++++++++<-]>+.

ఇది 24. ఇంకా తగ్గాలంటే గుంట లోతు తెలియాలి. ఎక్కువ ఇంటర్‌ప్రిటర్లలో గుంటకి 8 బిట్లు, అంటే 0 నుంచి 255 దాకా. 255 మీద ఒకటి వేస్తే సున్నా, ఖాళీ గుంటలోంచి ఒకటి తీస్తే 255. పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నాలకి తిరిగినట్టు. ఇప్పుడిది చూడండి:

----[>+<----]>++.

ఖాళీ గుంటలోంచి నాలుగు తీస్తే 252. ఒక్కో చుట్టుకి నాలుగు తగ్గిస్తూ పోతే 63 చుట్లు. పక్క గుంటలో 63 పడ్డాయి, ఇంకో రెండు కలిపితే 65. మొత్తం 17 గుర్తులు. ఎక్కడా 63 అని రాయలేదు, 65 అనీ రాయలేదు. గుంట లోతే మనకోసం ఎక్కం అప్పజెప్పింది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇక ‘అ’. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన ప్రతి సంకేతమూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. అక్షరాన్ని బట్టి నిజంగా మారేది మూడోదే. ‘అ’ అంటే 224, 176, 133. బీఎఫ్‌కి ఇవి మూడు నంబర్లు, అంతే. ఇంగ్లీషూ దానికి నంబర్లే. అక్కడితోనే మావాడి మాట తేలిపోయింది, మిగిలింది ఎన్ని గుర్తుల్లో అన్నదే.

ప్లస్సులతో ఎక్కి, మైనస్సులతో దిగుతూ రాస్తే 318. సున్నా నుంచి నేరుగా వెనక్కి దిగితే 126, ఎందుకంటే 224 అంటే మైనస్ 32, 176 అంటే మైనస్ 80, 133 అంటే మైనస్ 123. ఈ మూడు మైనస్ అంకెల్ని కాగితం మీద పక్కపక్కన పెట్టుకున్నాక నాకు దారి కనిపించింది. 32లో 16 రెండుసార్లు, 80లో అయిదుసార్లు, 128లో ఎనిమిదిసార్లు. 128 దాకా దిగి అయిదు వెనక్కొస్తే 123. అంటే 16 చుట్ల లూపు ఒకటి చాలు:

++++[>++++<-]>[>-->----->--------<<<-]>.>.>+++++.

49 వచ్చింది. ఇక్కడ ఆగొచ్చు. కానీ అచ్చయిపోయిన బైటు గుంటలో ఊరికే పడి ఉంది కదా, దాన్నే తర్వాతి బైటుకి పెట్టుబడి చేస్తే? మైనస్ 32కి రెండేసి కలుపుతూ సున్నాకి తెస్తే 16 చుట్లు. చుట్టుకి అయిదు తీస్తే పక్క గుంటలో మైనస్ 80. దానికీ రెండేసి కలిపితే 40 చుట్లు. చుట్టుకి మూడు తీస్తే మైనస్ 120, ఇంకో మూడు తీస్తే 123.

++++[>--------<-]>.[>-----<++]>.[>---<++]>---.

నలభై ఆరు. ఒక బైటు కరిగి ఇంకోటి అవుతుంది. చివరి ముక్కకి బదులు [>+++<----]>+. అని కూడా పెట్టొచ్చు. 176ని నాలుగేసి తగ్గిస్తే 44 చుట్లు, మూడు నలభై నాలుగులు 132, ప్లస్ ఒకటి. పొడవు అంతే. కానీ 32 బిట్ల గుంటలున్న ఇంటర్‌ప్రిటర్‌లో ఆ లూపు 107 కోట్లకి పైగా చుట్లు తిరుగుతుంది. మొదటిది అక్కడ కూడా 40 చుట్లలో ముగుస్తుంది. పొడవు సమానమైనప్పుడు నా ఓటు ఎక్కడైనా బతికే దానికే.

అయితే ఈ 46 ఒక్క అక్షరానికే పనికొస్తుంది. 224, 176 రెండూ ఖర్చయిపోయాయి, రెండో అక్షరం కావాలంటే మళ్లీ మొదటినుంచి సంపాదించాలి. ‘అమ్మ’ రాయాలనుకోండి. అ, మ, పొల్లు, మ: నాలుగు సంకేతాలు, 12 బైట్లు. అందులో 224 నాలుగుసార్లు వస్తుంది. ఇక్కడ కరిగించే పద్ధతి దండగ, దాచుకునే పద్ధతి లాభం. పక్కన పెట్టిన ఆ 49 గుర్తుల ప్రోగ్రామే తీసి, ‘మ’ మూడో బైటు 174 కోసం ఇంకో గుంట చేర్చా:

++++[>++++<-]>[>-->----->-------->-----<<<<-]>.>.>+++++.<<.>.>>--.<<<.>+.>++++++++.<<.>-.>>.

లెక్కపెట్టండి, 92. ఒక అక్షరానికి 46 అయితే నాలుగు సంకేతాలకి సరిగ్గా రెట్టింపే. పొల్లు దగ్గర 176 ఒకటి పెరిగి 177 అవుతుంది, ‘అ’కి వాడిన 133 ఎనిమిది పెరిగి 141 అవుతుంది. పని అయ్యాక 177 మళ్లీ ఒకటి తగ్గుతుంది. అప్పు తెచ్చి తీర్చేసినట్టే.

రన్ చేసేముందు రెండు మాటలు. కొన్ని ఆన్‌లైన్ ఇంటర్‌ప్రిటర్లు ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా చూపిస్తాయి. అప్పుడు ‘అ’ బదులు తల మీద గీత ఉన్న లాటిన్ అక్షరం ఒకటి, పక్కన డిగ్రీ గుర్తు వస్తాయి. ప్రోగ్రాం తప్పు కాదు, యూటీఎఫ్-8 ఉన్న టెర్మినల్‌లో చూడండి. ఇక ‘మ్మ’ కింద వత్తు పడేది ఫాంటు చేతిలో పని. బీఎఫ్ పంపేది మ, పొల్లు, మ, అంతే.

మీలో ఎవరైనా ‘అ’ని 45లో తెస్తే క్లబ్ గ్రూపులో పెట్టండి. నా రఫ్ నోట్స్‌లో ఇంకో పేజీ ఖాళీగానే ఉంది.