ఫోన్‌లో ఎర్రెర్రగా... ప్యాకెట్ మీద ఇటుక రంగు!

ఫోన్‌లో చూస్తే డిజైన్ అదిరింది. మిరపకాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. ‘ఓకే’ అని వాట్సాప్‌లో మెసేజ్ కొట్టేశారు. తీరా కవర్లు దిగాక చూస్తే కాయ ఇటుక రంగులో ఉంది, అంచులు మసకబారాయి, ‘స్వచ్ఛమైన’లో ఒత్తు మాయం!

నరసరావుపేట, మాచర్ల, గురజాల... పల్నాడులో ఎటు చూసినా మిరప కల్లాలే. కాయను అలాగే అమ్మేయకుండా కారం పట్టించి, సొంత పేరుతో అమ్మాలనుకునే కుర్రాళ్లు కవర్ దగ్గరే జాగ్రత్తపడాలి. ఎందుకంటే, ఇలాంటి పౌచ్‌లను పెద్ద సంఖ్యలో వేయాలంటే ఎక్కువగా గ్రావ్యూర్ పద్ధతే వాడతారు. అందులో ఒక్కో రంగుకీ రాగిపూత ఉన్న సిలిండర్ ఒకటి చెక్కాలి. చెక్కాక తప్పు దొరికితే మళ్లీ చేయించాల్సిందే. మీరు ‘ఓకే’ అన్నాక ఆ ఖర్చు మీదే! అందుకే ఫైల్‌లోనే ఇవి చూసుకోండి.

ఫొటో: అచ్చులో అంగుళానికి 300 పిక్సెల్స్ ఉండాలి. కవర్ మీద 6 అంగుళాల వెడల్పు బొమ్మకు 1,800 పిక్సెల్స్ అన్నమాట. చిన్న ఫొటోను లాగి పెద్దది చేస్తే మసకే మిగులుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపండి.

రంగు: ఫోన్ తెర కాంతితో రంగు చూపిస్తుంది. ప్రెస్సులో ఉండేది సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులు. తెర మీది మెరుపు ఇంకుకు రాదు. ఫైల్‌ను సీఎంవైకేలోకి మార్పించి, కలర్ ప్రూఫ్ అడగండి. దాన్ని పగటి వెలుతురులో చూడండి.

తెలుగు: మన డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లు ఎక్కువ. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులైపోతుంది. అక్షరాలను ‘కర్వ్స్’గా మార్చమనండి. మార్చాక ఒత్తులు, గుడులు, దీర్ఘాలు మళ్లీ చదవండి. చిన్న అక్షరాలు నలుపు ఒక్కదానితోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపితే, ఏ రంగు కాస్త జరిగినా అలికినట్టు అవుతుంది.

బార్‌కోడ్: కారం ప్యాకెట్ కదా అని గీతలకు ఎరుపు వేయించకండి. చాలా స్కానర్లది ఎర్ర కాంతి. దానికి ఎరుపు, తెలుపు ఒకటే! తెల్లటి నేల మీద నల్లటి గీతలే మేలు.

అంకెలు: ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్‌లో 14 అంకెలుంటాయి. ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూడండి. బరువు, అడ్రస్, ఫోన్ నంబర్ కూడా అంతే. కటింగ్, సీలింగ్ పడే అంచుల్లోకి ఇవేవీ రాకూడదు.

చివరగా ఒక పని. డిజైన్‌ను అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, పాత ప్యాకెట్‌కు అతికించండి. దాన్ని కొట్టు అరలో పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. తర్వాత ఇంట్లో నాయనమ్మ చేతికిచ్చి చదవమనండి. ఆమె ఎక్కడైనా ఆగిందా? ‘ఓకే’ కొట్టకండి. ముందు అక్కడ సరిచేయించండి.