మదురై గాంధీ మ్యూజియం: పిల్లలతో ఒక పూట

మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలలో నేను నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను. మార్కుల విషయంలో మన పిల్లలకు వంక పెట్టడానికి లేదు. కానీ "మీ ఊరి గురించి రెండు మాటలు చెప్పమ్మా" అని అడిగితే చాలామంది గోడవైపు చూస్తారు. మీనాక్షి అమ్మవారి గుడి, మల్లెపూలు, జిగర్‌తండా, అంతటితో సరి. మదురైలోనే పుట్టి పెరిగిన పిల్లలు వీళ్లు. తప్పు వాళ్లది కాదు, చూపించేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి, ఖర్చు లేకుండా ఒక పూటలో చూడదగిన చోటు గురించి రాస్తున్నాను. కలెక్టరు ఆఫీసు దగ్గరున్న గాంధీ మ్యూజియం అది. ప్రవేశానికి టిక్కెట్టు లేదు. బస్సు చార్జీలు, మంచినీళ్ల సీసా ఉంటే చాలు.

మొన్న ఒక ఆదివారం మా అబ్బాయి, కోడలు, ఇద్దరు మనవలతో వెళ్లాను. మనవరాలు తొమ్మిదో తరగతి, మనవడు ఆరు. దారిలో మనవరాలు ఒక మాట అడిగింది. స్కూల్లో ఎవరో "మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా, మా ఊరికి ఎప్పుడొచ్చారు?" అన్నారట. అడిగిన పిల్లకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. అయినా మా పిల్లకు అది గుచ్చుకుంది. "మనది ఈ ఊరు కాదా తాతా?" అంది.

జవాబు నేను వెంటనే చెప్పలేదు. గేటు దాటాక ఎదురుగా కనిపించే భవనాన్ని చూపించాను. మ్యూజియం లోపలి వస్తువులకన్నా ముందు పిల్లలకు చెప్పవలసింది ఆ భవనం సంగతే. దాని పేరు తముక్కం. నాయకరాజుల కాలంలో, 17వ శతాబ్దంలో కట్టినది. రాణి మంగమ్మ ప్యాలెస్ అని ఊళ్లో అందరూ అంటారు. మదురై నాయకరాజ్యం 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736 వరకు సాగింది. వాళ్ల మాతృభాష తెలుగు. భర్త చొక్కనాథ నాయకుడు, తర్వాత కొడుకు కూడా పోయాక, 1689లో పసివాడైన మనవడి తరఫున మంగమ్మ పాలన చేపట్టింది. బాటలు వేయించింది, సత్రాలు కట్టించింది. రైల్వే స్టేషను ఎదుట మంగమ్మాళ్ సత్రం అని మనం రోజూ చూసేది ఆమె పేరుతోనే. ఆమె పెంచిన మనవడు విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రాశాడు. మదురై రాజు తెలుగులో పుస్తకం రాశాడంటే మా కోడలు కూడా ఆశ్చర్యపోయింది.

మా పూర్వీకులు నాయకుల సైన్యం వెంట వచ్చారో, ఆ తర్వాత వ్యాపారానికి వచ్చారో చెప్పే కాగితం మా ఇంట్లో లేదు. లేనిదాన్ని ఉన్నట్టు పిల్లలకు చెప్పకూడదు. తెలుగు మాట ఈ ఊళ్లో దాదాపు 500 ఏళ్లుగా వినిపిస్తోందని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు, అంతే చెప్పాను. మనవరాలు ఆ సంవత్సరాలు నోటుపుస్తకంలో ఎక్కించుకుంది.

నాయకుల తర్వాత ఈ భవనం ఇంగ్లీషు కలెక్టర్ల నివాసమైంది. 1955లో ప్రభుత్వం దీన్ని గాంధీ స్మారక నిధికి ఇచ్చింది. 1959 ఏప్రిల్ 15న నెహ్రూగారు మ్యూజియంగా ప్రారంభించారు. రాణి మేడ, దొర బంగళా, గాంధీ మ్యూజియం! ఒకే గోడల మధ్య మూడు కాలాలు. చరిత్ర మాస్టారు బోర్డు మీద గీసే కాలరేఖ ఇక్కడ సున్నం, ఇటుకలతో ఉంది.

లోపల ముందు స్వాతంత్ర్య పోరాట చరిత్ర, తర్వాత గాంధీజీ జీవితం ఫోటోలలో, చివర ఆయన వస్తువులు ఉంటాయి. మొదటి భాగం దగ్గర పిల్లలు విసుగుపడతారు, చదవవలసింది ఎక్కువ. అన్నీ చదివించవద్దు. నేను మా వాళ్లకు ఒక్క కథ చెప్పాను, అదీ నా కామర్స్ చదువుకు దగ్గరిది. మన పక్కనున్న తూత్తుకుడిలో వ.ఉ.చిదంబరం పిళ్లైగారు 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. 25 రూపాయల షేర్లు 40,000, అంటే 10 లక్షల మూలధనం. కొలంబోకు ఓడలు నడిపారు. ఇంగ్లీషు కంపెనీ పోటీగా చార్జీ తగ్గించింది. ఈయనా తగ్గించారు. చివరకు వాళ్లు ఉచితంగా ఎక్కించుకుని, పైగా గొడుగు కూడా ఇచ్చారని చెబుతారు.

మనవడు "ఉచితమైతే మంచిదే కదా తాతా?" అన్నాడు. సరైన ప్రశ్నే. డబ్బున్న కంపెనీ కొన్నాళ్లు నష్టానికి ఓర్చుకుని పోటీదారును పడగొట్టగలదు, పోటీ పోయాక ధర చెప్పేది తనే. 1908లో పిళ్లైగారిని జైల్లో వేశారు, 1911 నాటికి కంపెనీ మూతపడింది. కామర్స్ తీసుకునే పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోండి, పరీక్షలో పోటీ ధరల గురించి రాసేటప్పుడు పనికొస్తుంది. వెంటనే వాడి రెండో ప్రశ్న: "మరి ఈ మ్యూజియం ఎందుకు ఉచితం?" గాంధీ స్మారక నిధి 1948 తర్వాత జనం చందాలతో ఏర్పడింది. మన టిక్కెట్టు డబ్బు మనకు ముందే ఎవరో కట్టేశారన్నమాట.

ఇక గాంధీజీ గదులు. అక్కడ తొందరపడవద్దు. ఆయన మదురైకి 5 సార్లు వచ్చారు. 1921 సెప్టెంబరు 22న, పడమర మాసి వీధిలోని ఇంట్లో ఉండగా, చొక్కా, టోపీ వదిలి కొల్లాయిగుడ్డ కట్టారు. దానికి 8 రోజుల ముందే, ఆయన వెంట వస్తున్న మౌలానా మహమ్మద్ అలీని వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు. విదేశీ బట్ట కాల్చమంటే, ఖద్దరు కొనే శక్తి లేదని పేదలు అంటున్నారు. తక్కువ బట్టతో బతకవచ్చని తనే చూపించాలనుకున్నారు. మొదట అక్టోబరు 31 వరకు అని మాత్రమే ప్రకటించారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే సస్పెన్స్ ఖాతాలో రాసిన పద్దు, 26 ఏళ్లు దాటినా తిరగరాయలేదు.

ఇంకొకటి పెద్ద పిల్లలకు తప్పక చెప్పండి. 1934లో మదురై వచ్చినా ఆయన మీనాక్షి గుడిలోకి వెళ్లలేదు, హరిజనులకు ప్రవేశం లేదు కనుక. 1939 జులై 8న వైద్యనాథ అయ్యర్‌గారు వాళ్లను లోపలికి తీసుకెళ్లారు. గాంధీజీ 1946లో వచ్చి అమ్మవారిని దర్శించుకున్నారు. మనం ప్రతి శుక్రవారం వెళ్లే గుడి అది.

చివరి గదిలో గాజు పెట్టెలో ఒక వస్త్రం ఉంది. 1948 జనవరి 30న ఆయన ఒంటిమీద ఉన్నది, రక్తపు మరకతో. మనవడు అంతవరకు గలగల మాట్లాడుతున్నవాడు అక్కడ మా అబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు. మరీ చిన్నపిల్లలైతే ముందుగా చెప్పి తీసుకెళ్లండి.

వెళ్లదలచినవారికి ఒకటి రెండు మాటలు. మధ్యాహ్నం భోజన సమయంలో మూస్తారు, కాబట్టి ఉదయమే తెరిచే వేళకు వెళ్లండి, బయలుదేరేముందు వేళలు కనుక్కోండి. వివరాలు తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగులో ఉండవు. దానికి బాధపడనక్కర్లేదు, మంచి అభ్యాసం చేయించవచ్చు: పిల్లలు తమిళంలో చదివి, ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో తెలుగులో చెప్పాలి. మా మనవరాలు నోట్సు చూశాను. "రాణి మంగమ్మ మనవడి కోసం రాజ్యం చూసుకుంది" అని చక్కటి తెలుగు వాక్యమే, కానీ తమిళ అక్షరాలతో రాసింది. వేసవి సెలవుల్లో రోజుకు రెండేసి అక్షరాలు నేర్పుతానన్నాను. ముందు "మంగమ్మ" రాయడం నేర్పమంది.