నిలువుకాళ్ళ ఉద్యోగానికి తగిన జోడు

బట్టల దుకాణాల్లో చీరలు విప్పి చూపేవారు, ఆసుపత్రి వార్డుల్లో తిరిగే నర్సులు, కూడళ్ళలో ట్రాఫిక్ పోలీసులు, హోటల్ వంటశాలల్లో పనివారు రోజులో అధిక భాగం నిలువుకాళ్ళ మీదనే గడుపుతారు. సాయంత్రానికి కాళ్ళు పీకుతున్నాయని వీరిలో చాలామంది చెబుతారే గాని, ఆ బాధలో నిలబడడం వాటా ఎంత, తొడుక్కున్న జోడు వాటా ఎంత అని విడదీసి చూసేవారు తక్కువ. అలా చూస్తే మొదట తేలేది, నడక కన్న కదలకుండా నిలబడడమే కాళ్ళకు ఎక్కువ శిక్ష అన్న సంగతి. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క కండరాలు బిగుసుకొని సిరల్లోని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. కదలిక ఆగిపోతే ఆ నెట్టుడు కూడా ఆగిపోయి, రక్తం కిందనే నిలుస్తుంది. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గరి సిరల్లో 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉండే ఒత్తిడి, ఆరోగ్యవంతుడు నడుస్తున్నప్పుడు 30 లోపుకు దిగుతుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బడానికీ, ఏళ్ళ తరబడి నిలబడేవారి కాళ్ళలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగే వెరికోస్ వెయిన్స్‌కూ మూలం ఇక్కడే ఉంది. దీన్ని ఏ జోడూ పూర్తిగా మాన్పలేదు. జోడు చేయగలిగింది పాదం అడుగున పడే భారాన్ని సరిగా పంచడం మాత్రమే.

ఆ భారాన్ని మోసే పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. ఈ ఎముకలు వంపు తిరిగి అమరి ఉండగా, మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ ఒకటి సాగి, ఆ వంపు కుంగిపోకుండా వింటినారిలా బిగించి ఉంచుతుంది. గంటల కొద్దీ భారం పడితే ఈ పట్టీ మడమను పట్టుకొనే చోట దెబ్బతింటుంది. ఉదయం మంచం దిగి వేసిన మొదటి నాలుగు అడుగుల్లో మడమ కింద పోటు పొడిచి, కాస్త నడిచాక తగ్గడం దీని ప్రధాన లక్షణం. వైద్యులు దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు.

కొనేటప్పుడు జరిగే మొదటి పొరపాటు మెత్తదనాన్ని నమ్మడం. దుకాణంలో రెండు నిమిషాలు తొడిగి చూసినప్పుడు దూదిలా అనిపించే అడుగుభాగం, రోజు గడిచేకొద్దీ నలిగి, పాదాన్ని అటూ ఇటూ ఒరగనిస్తుంది. ఒరిగిన పాదాన్ని నిలబెట్టేందుకు కండరాలు అదనంగా శ్రమిస్తాయి. మంచి జోడులో మెత్తదనం ఉండాల్సిన చోటే ఉంటుంది, తక్కిన చోట్ల గట్టిదనం ఉంటుంది. మడమ వెనుక గోడను బొటనవేలితో నొక్కితే లోపలికి చప్పున కుంగకూడదు. ముందు కొసను పైకి వంచితే జోడు వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగాలి గాని, నడుమ మడతపడకూడదు. రెండు చేతులతో పట్టుకొని తడిగుడ్డ పిండినట్టు మెలిపెడితే పూర్తిగా తిరిగిపోకూడదు. ఈ మూడు పరీక్షలూ కలిపి అర నిమిషం పని, అయినా మన దుకాణాల్లో వీటిని చేసేవారు అరుదు. రంగు చూసి, ధర అడిగి, అద్దం ముందు నిలబడడంతోనే బేరం ముగుస్తుంది.

పైతొడుగుకూ నేలను తాకే రబ్బరు అట్టకూ మధ్య ఉండే పొరను మిడ్‌సోల్ అంటారు. చాలా షూలలో ఇది ఈవీఏ అనే తేలికైన నురగ పదార్థంతో తయారవుతుంది. దాని బలం అందులోని గాలి బుడగలే గనుక, వాడకంలో ఆ బుడగలు నలిగిన కొద్దీ నొక్కితే మళ్ళీ లేచే గుణం తగ్గిపోతుంది. పైతొడుగు కొత్తదానిలా మెరుస్తున్నా లోపలి పొర చచ్చిపోయి ఉండవచ్చు. షూను బల్లమీద పెట్టి వెనుక నుంచి చూసినప్పుడు మడమ ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే దాని పని అయిపోయినట్టే. రెండు జతలు మార్చి మార్చి వాడేవారికి చెమట ఆరే వ్యవధి కూడా దొరుకుతుంది.

మెత్తదనం కన్న పెద్ద చిక్కు కొలతలో ఉంది. మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే బ్రిటిష్ నంబర్లలో ఒక నంబరుకూ మరొకదానికీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మిల్లీమీటర్లు. ఆ నంబరు చెప్పేది పొడవు గురించే. వెడల్పు గురించి అది పలకదు. అమెరికాలో చార్లెస్ బ్రానాక్ 1920లలో రూపొందించిన లోహపు కొలత పలక పొడవుతో పాటు వెడల్పునూ, మడమ నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా ఉండే దూరాన్నీ కొలుస్తుంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షకు పైగా మంది పాదాలను కొలిచి, భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్న వెడల్పుగా ఉన్నాయని తేల్చింది. ఆ సర్వే ఆధారంగానే ‘భ’ అనే దేశీయ కొలత విధానం ప్రతిపాదనకు వచ్చింది. వెడల్పు చాలనివారు సాధారణంగా చేసే పని ఒక నంబరు పెద్దది కొనడం. దానివల్ల ముందుభాగం ఊపిరి పీల్చుకున్నా, మడమ జారుతూ ఉంటుంది, జోడు వంగే చోటు పాదం వంగే చోటుకు ముందుకు పోతుంది. చెప్పు కరవడం, ఆనెకాయలు ఈ రాపిడి ఫలితాలే. ‘నాలుగు రోజులు వేసుకుంటే అదే సర్దుకుంటుంది’ అనే దుకాణదారు మాట తోలు విషయంలో కొంత నిజమే గాని, కృత్రిమ పదార్థాలు అంతగా సాగవు. అక్కడ సర్దుకొనేది పాదమే.

అందువల్ల పాదాలు ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, పనిలో తొడిగే మేజోళ్ళతోనే వెళ్ళి, నిలబడి కొలత చూసుకోవాలి. రెండు పాదాల్లో పెద్దదానికి సరిపోయేదే తీసుకోవాలి. అందరికీ బొటనవేలే పొడవు కాదు, కొందరికి పక్కవేలు ముందుకు ఉంటుంది. అన్నిటికన్న పొడవైన వేలికీ షూ కొసకూ మధ్య సుమారు ఒక సెంటీమీటరు జాగా మిగలాలి. వెడల్పు తెలుసుకొనే తేలిక మార్గం మరొకటి ఉంది. వట్టికాళ్ళతో కాగితంపై నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టి పాదం చుట్టూ గీత గీయించి, ఆ గీతపై జోడును పెట్టాలి. చిటికెనవేలి పక్క గీత బయటికి కనిపిస్తే అది ఎంత ఖరీదైనదైనా ఆ పాదానికి ఇరుకే.

మధుమేహంతో స్పర్శ మందగించినవారికి అందరూ చెప్పే సలహా ఒకటి తలకిందులవుతుంది. తొడిగి చూసి హాయిగా ఉన్నదాన్ని ఎంచుకోవడం వారికి ప్రమాదకరం, ఎందుకంటే మొద్దుబారిన పాదానికి బిగుతుగా ఉన్నదే సరిగ్గా పట్టినట్టు తోస్తుంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారాన్ని అరికాలికి తాకించి ఈ స్పర్శ లోపాన్ని వైద్యులు పట్టుకుంటారు. తెలుగునాట మందుల దుకాణాల్లో సైతం దొరికే ఎంసీఆర్ చెప్పుల చరిత్ర ఇలాంటి పాదాలతోనే ముడిపడి ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946లో చేరిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల పాదాల పుండ్లకు మాంసం కుళ్ళడం కారణం కాదనీ, నొప్పి తెలియకపోవడంతో ఒకే చోట పదేపదే పడే ఒత్తిడే కారణమనీ చూపాడు. ఆ అవగాహనతోనే సన్నని గాలి గదులు నిండిన మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఆ ప్రాంతపు చికిత్సా కేంద్రాల్లో వాడుకలోకి వచ్చాయి. కింద గట్టి అట్ట, పైన నొక్కితే కుంగి మళ్ళీ లేచే ఈ రబ్బరు, జారకుండా వెనుక పట్టీ ఉండడం వీటి ఆనవాలు. వెనుక పట్టీ లేని హవాయి చెప్పును వేళ్ళతో బిగబట్టుకోవాల్సి రావడం మొద్దుబారిన పాదానికే కాదు, రోజంతా నడిచే ఏ పాదానికైనా శ్రమే.

పాదరక్ష అన్నది గుమ్మం బయటి వస్తువు అనే మన అలవాటును కూడా మడమ నొప్పి ఉన్నవారు కొంత సడలించుకోవాలి. మట్టి నేల మీద వట్టికాళ్ళ నడక వేరు, గ్రానైటు, టైల్సు మీద నడక వేరు. ఇంట్లోకే వేరుగా ఒక జత ఉంచుకొంటే ఆచారానికీ భంగం ఉండదు.

పరుపులు పరిచిన బట్టల దుకాణాల్లో మాత్రం ఈ చర్చ అంతా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, అక్కడ అమ్మేవారు చెప్పులు విడిచే పనిచేయాలి గనుక. జోడు అక్కరకు రాని అలాంటి చోట మిగిలే ఊరట కూర్చోవడమే. కోళికోడ్‌లో దుకాణాల్లో పనిచేసే మహిళలు కూర్చొనే హక్కు కోసం సాగించిన పోరాటం ఫలించి, కేరళ 2018లో తన దుకాణాల చట్టాన్ని సవరించింది. తమిళనాడు 2021లో అదే బాట పట్టి, ఉద్యోగులందరికీ ఆసనాలు ఏర్పాటు చేయాలని చట్టంలో చేర్చింది. ఆసనం దొరకని చోట, జానెడుకు తక్కువ ఎత్తున్న పీట మీద ఒక్కో పాదాన్ని మార్చి మార్చి ఆనించడం, గిరాకీ లేని వేళ మునివేళ్ళపై పదిసార్లు లేచి దిగి పిక్కలను పనిచేయించడం వల్ల కాళ్ళలో నిలిచిపోయిన రక్తం కొంతైనా పైకి కదులుతుంది.